నూటయాభై సీసీ పందెం

"మోపెడ్ల పందెం సూసేదానికి జనం యాడొస్తారమ్మా?" అన్నాడు పందేల కమిటీ పెద్దాయన. నాకు ఒళ్ళు మండింది.

బంగారుపాళ్యం దగ్గర ఒక బీడు నేలలో మట్టి ట్రాక్ వేసుకుని మేం బైకు పందేలు ఆడతాం. నేను మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పనికి పోయొచ్చే బండికే అద్దాలూ లైటూ విప్పేసి పందెంలోకి దించుతాను. నూటయాభై సీసీ దాటిన బండి దిగకూడదని రూలు. అది మా అన్న కాలు విరిగాక వచ్చింది. పెద్ద బండి మీద దూసుకొచ్చి, మలుపు దగ్గర వేగం అదుపు చేయలేక గట్టు మీంచి ఎగిరి పడ్డాడు. కాలిలో రాడ్ వేశారు. అయినా ఆ బండిని అమ్మనివ్వడు, రోజూ తుడుస్తాడు. రూలు ఎత్తేస్తే మర్నాడే ఎక్కుతాడని మా ఇంట్లో అందరికీ భయం.

ఇప్పుడు దాన్ని ఎత్తేస్తానంటున్నాడీయన.

"మామా, ఈ పూట మా పందెం సూడు. జనం కుర్చీల్లోంచి కదలకపోతే రూలు తీసెయ్. లేస్తే మాత్రం మళ్ళా ఆ మాటెత్తగూడదు" అన్నాను.

"అబ్బా, ఏం నోరు పాపా నీది!" అని నవ్వి, సరేనన్నాడు.

అసలు పెద్ద బండ్ల పందెంలో చూడ్డానికేముంది? ఎవడి ఇంజన్ గొప్పదైతే వాడు ముందు పోతాడు. మిగతావాళ్ళు వెనకాల దుమ్ము తింటారు. మా చిన్న బండ్లన్నిటికీ బలం ఒకటే. ఒకసారి వేగం తగ్గిందా, మళ్ళీ తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే మలుపులో ఎవరూ బ్రేకు జోలికి పోరు, హ్యాండిళ్ళు రాసుకుంటూ గుంపుగా దూరతారు. మేం కిందపడం అని నేననను. బాగానే పడతాం.

ఆ రోజూ పడ్డాను. చివరి చుట్టులో అయిదు బండ్లం ఒకేసారి, అన్న పడిన ఆ మలుపులోకే దూరాం. నేనే ముందు. వెనక చక్రం జారింది. బండొక పక్క, నేనొక పక్క. జనమంతా అయ్యయ్యో అంటూ లేచారు. నోటినిండా మట్టి, మోకాలు చెక్కుకుపోయింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. బండి లేపి, కిక్కు కొట్టి, అందరికన్నా చివర గీత దాటాను. జనం ఇంకా నిలబడే ఉన్నారు, ఈలలేస్తూ.

"లేచినారా లేదా మామా?"

"నువ్వు పడితే లేచినారు పాపా!"

"పడి, నా కాళ్ళ మీద నేనే నడిచొచ్చినాను గదా! ఆడనే పెద్ద బండి మీద పడితే ఏమైతాదో ఈయన్నడుగు" అని గట్టు పక్కన నిలబడున్న మా అన్నను చూపించాను.

పెద్దాయన అన్న కాలు వైపు చూసి తల దించుకున్నాడు. "సరే, రూలు అట్లే ఉండనీలేమ్మా" అన్నాడు.

అన్న కుంటుకుంటూ వచ్చి వంకరపోయిన నా హ్యాండిల్ సరిచేశాడు. చేతిని దాని మీంచి తీయలేదు.

"వచ్చే పందేనికి ఇది నాకియ్యి."

"ఇచ్చేదే లేదు. నీ పెద్దదాన్ని అమ్మి, ఇట్లాంటిది కొనుక్కో. మలుపులో సూసుకుందాం" అన్నాను.