నాన్న కళ్ళూ, నా ఎర్ర వైరూ

ఇప్పుడు గచ్చిబౌలిలో ఎటు తిరిగినా అద్దాల మేడలే గానీ, ఆ తొంభైల చివర్లో ఇటువైపు మనుషుల కంటే బండరాళ్ళే ఎక్కువ. ఆ రాళ్ళ మధ్య లేస్తున్న ఒక పెద్ద ఆఫీసు భవనంలో నేను వైరింగు పనివాణ్ణి. పదో తరగతి తప్పినా చదవడం మానలేదు. బజ్జీల పొట్లం విప్పితే బజ్జీ కంటే ముందు కాగితమే నమిలేవాణ్ణి. (ఆ కాగితాలు రాసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ మంటే. ఎందుకో మీరే వినండి.)

ఒక సాయంత్రం, నూనెలో తడిసిన ఆదివారం అనుబంధం నాకు మనిషి గుట్టు విప్పింది. మన కణాల్లో ఇరవై మూడు జతల క్రోమోజోములట. ప్రతి జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వాటిలో లక్షదాకా జన్యువులట. కంటి రంగు దగ్గర్నుంచి కొన్ని జబ్బుల దాకా అందులోంచే వస్తాయట. కింద 'మిగతా వచ్చేవారం' అని ఉంది. సగం నాన్నదే అనేసరికి నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే మా నాన్నకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. మదనపల్లె దగ్గర మా టమోటా తోటలో కాయను బొటనవేలితో నొక్కి, వాసన చూసి కోసేవాడు. "కండ్లెందుకు నీకు, ముక్కుతోనే సేద్యం చేస్తివి గదా!" అనేది అమ్మ. ఆ సంగతి ఆయనకే పెళ్ళయ్యేదాకా తెలియదు. లోకమంతా అలాగే చూస్తుందనుకున్నాడు. మరి నేను?

సరిగ్గా ఆ వారమే కాంట్రాక్టరు సోమవారం కంటి పరీక్ష అన్నాడు. రంగులు పోల్చలేనివాడు ఇక వైరు ముట్టుకోకూడదు, సంచి సర్దుకోవడమే. నాకు ఉద్యోగం పోతుందనే కాదు, కరెంటు వచ్చే ఎర్ర వైరును ఎర్తింగు ఆకుపచ్చదానికి కలిపేసి ఎవరి ప్రాణమో తీస్తానని భయం పట్టుకుంది. మూసాపేట గదిలో నాతో ఉండే టెస్టరన్నకు (చెవి మీద ఎప్పుడూ టెస్టరు ఉండేది లెండి) ఒక వైరు ముక్క చూపించాను.

"అన్నా, ఇది ఎరుపే గదా?"

"ఏంది భయ్, పొద్దుగాల నుంచి గదే లొల్లి! రెడ్డా? జర మంచిగ చూడు, గ్రీన్ గద!"

వైరు ముక్క పట్టుకుని బల్బు కిందికి పరుగెత్తాను.

"అరె, కూసో! పరేషాన్ గాకు, మజాక్ జేసిన. రెడ్డే."

రెండింటిలో ఏది మజాకో తేల్చుకోవాలన్నా కళ్ళే కావాలి కదా!

సోమవారం డాక్టరమ్మ చుక్కల బొమ్మల పుస్తకం తెరిచింది. చుక్కల్లో అంకెలు దాక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటే చదివాను.

"అన్నీ సరిగ్గానే చెప్పారండి. ఎందుకా చెమటలు?"

"సరిగా చూడండి మేడం, ఏదో గుడ్డిగా తగిలుంటాయి. మా నాయనకు రంగులు తెలీవు. సగం ఆయనదే గదా నాలో!"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "అన్నీ సగమేనండి, కానీ ఈ లోపం తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై. మీ ఎక్స్ మీ అమ్మగారిదండి. నాన్నగారి చూపు మీకు రానే రాదు."

ఆ ముక్క పేపరువాళ్ళు మొదటి వారమే రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? (లక్ష జన్యువులన్నారా, తర్వాత తీరిగ్గా లెక్కపెట్టి ఇరవై వేల చిల్లరే అన్నారు. అంటే ఎనభై వేల లేని జన్యువులకు కూడా నేను భయపడ్డానన్నమాట!)

మొన్న రైతుబజారులో టమోటాలు ఏరుతుంటే అమ్మే ఆమె కసిరింది: "ఏంది తాతా, గంత ఎర్రగ కనవడ్తుంటే వాసన చూస్తున్నవ్? కండ్లు కనవడ్తలేవా?"

చూసుకుంటే పండు ముక్కు దగ్గరుంది, బొటనవేలు దాన్ని మెల్లగా నొక్కుతోంది. కళ్ళు నిక్షేపంగా ఉన్నాయమ్మా అన్నాను. ఆ వేలు మాత్రం ఏ క్రోమోజోము మీద వచ్చిందో ఆ డాక్టరమ్మను అడగాల్సింది.