గోముఖ్‌లో మొదటి పిలుపు

బడిలో పిల్లలు దెయ్యాల కబుర్లు చెప్పుకుంటుంటే కసిరి కూర్చోబెట్టే మాస్టారిని నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా ఇది రాయడానికి మూడేళ్లు పట్టింది. సిగ్గేసి రాయలేదు, అంతే.

గజపతినగరం దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతాను. 'సెప్పండి, సూడండి' అన్న పిల్లవాణ్ణి 'చెప్పండి, చూడండి' అనేదాకా వదలను. మా అక్క మొగుడు ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. మా బావ నోట ఆ 'చ' జన్మలో పలకదు.

మూడేళ్ల కిందట మే నెలలో బావా నేనూ గంగోత్రి వెళ్లాం. అక్కణ్ణించి గంగ పుట్టే గోముఖ్‌కి నడక. దారిలో భోజ్‌బాసా గుడారాల దగ్గర హైదరాబాదు వాళ్లు నలుగురు కలిశారు. హిమానీనదం కొండల్ని ఒరుసుకుంటూ ఎలా జారుతుందో వాళ్లకి పాఠంలా వివరిస్తున్నాను. ఇంతలో బావ టీ గ్లాసుతో వచ్చి, దూరంగా కనిపిస్తున్న ఆ హిమానీనదం వైపు చూశాడు.

"ఇదేటి బావా, మంచంటే తెల్లగుంటాదనుకున్నాను. మన కంకర క్వారీ నాగున్నాది!"

వాళ్లు పగలబడి నవ్వారు. నిజానికి నా పాఠం కంటే ఆ మాటే సరిగ్గా ఉంది. పైనంతా బూడిదరంగు రాళ్లే, మంచు వాటి కింద ఉంది. బావ అవతలికి వెళ్లాక ఒకావిడ "మీ బావగారా?" అని అడిగింది.

"కాదండీ, రైల్లో పరిచయం. మా వైపు ఎవరినైనా బావా అనే పిలుస్తారు" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం!

మర్నాడు బావకి తలనొప్పి. గాలి పలచన కదా, గుడారంలోనే ఉండిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను.

గోముఖ్ అక్కడికి నాలుగు కిలోమీటర్లు. నేనూ ఆ హైదరాబాదు వాళ్లూ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. మట్టి పూసిన ఎత్తైన మంచుగోడ, పగుళ్లలో మాత్రం నీలం. ఫోటో కోసం గోడ వైపు నడిచాను. మిగతావాళ్లు నా వెనక పది అడుగుల్లో ఉన్నారు.

"బావా, ఆగెహె!"

బావ గొంతే. తలనొప్పి తగ్గి వెనకే వచ్చేసినట్టున్నాడు. వీళ్ల ముందు మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ అని ఒళ్లు మండింది. వినపడనట్టు ఇంకో నాలుగడుగులు వేశాను.

"ఒరే, ముందుకెల్లకు, సచ్చిపోతావు!"

ఆగి వెనక్కి తిరిగాను. బావ లేడు. అంతలోనే గోడ మీంచి బియ్యం బస్తాలంత రాళ్లు జారి, నేను వెళ్లబోయే చోట పడ్డాయి. రాళ్ల చప్పుడు అందరూ విన్నారు. పిలుపు మాత్రం ఎవరికీ వినపడలేదట.

ఫోటో మానేసి వెంటనే గుడారానికి తిరిగొచ్చాను. బావ పొద్దుటి నుంచి పక్క దిగలేదని అక్కడి వంటాయన చెప్పాడు. లోపలికి వెళ్తే బావ లేచి కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"రెండుమాట్లు పిలిసేను బావా. మొదటిమాటు ఇనపడనేదేటి?"

ఎక్కణ్ణించి పిలిచావని అడగడానికి నోరు రాలేదు. "గాలి కదా బావా, వినపడలేదు" అన్నాను.

"అదే అనుకున్నాను" అని నమ్మేసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

ఆ గొంతు నాలుగు కిలోమీటర్లు ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలీదు. బావ కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు. మొదటి పిలుపు స్పష్టంగా వినపడిందని నేనింకా అతనికి చెప్పలేదు.