తాటిచెట్టంత పిల్లలకోడి

మా చిన్నప్పుడు రాక్షసులు మా బయ్యారం ఇంటి వాకిట్లోనే తిరిగేవి... గోడల మీద పాకేవి, దూలాల మీద నుంచి తొంగిచూసేవి. వాటిని పట్టుకొచ్చి ఆటలో పెట్టుకోవడమే మా పని.

ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట బయట అడుగు పెట్టనిచ్చేవారు కాదు. నడింట్లో బండల మీద సుద్దముక్కతో కోట గీసి కూర్చునేవాళ్లం. ఒకరు కథ చెప్పి రాక్షసిని నిలబెట్టాలి, మిగతావాళ్లు వీరులు. గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత పెద్ద దెబ్బ... ఈ ఆట మాకెవరూ నేర్పలేదు. మా అన్న సొంతంగా కల్పించాడు. ఆ మాట ఎక్కడైనా గర్వంగా చెబుతాను!

అన్న పెట్టిన నియమాలు రెండే. కళ్లారా చూసిన జంతువునే రాక్షసిని చెయ్యాలి. దాన్ని గెలిచే దారి ఒకటి తప్పకుండా ఉండాలి. హనుమకొండ నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు కిరణ్ బావ మొదటిరోజే నిప్పులు కక్కే రెక్కల పామును దించాడు.

"నువ్వు సూసినవా దాన్ని?" అని అడిగాడు అన్న.

"బొమ్మల సూసిన."

"బొమ్మ నడువది బావా. జంతువు ఒళ్లు పెంచుడు కాదు, దాని గుణం పెంచాలె."

అందుకే అన్న తెచ్చిన ఉడుము ఒకసారి పట్టుకుంటే గోడ కూలినా వదిలేది కాదు. డోర్నకల్ నుంచి మా పక్కింటికి, వాళ్ల అమ్మమ్మ దగ్గరికి వచ్చే మేరీ రైల్వే స్టేషన్ కోతిని తెచ్చింది. అది ముందు మన చేతిలో కత్తి లాక్కుని, తర్వాతే మీద పడేది.

నేను అందరికంటే చిన్నదాన్ని. చెల్లాచెదురైన గవ్వలు ఏరి ఇవ్వడమే నా ఉద్యోగం. కథ చెప్పే వంతు కోసం ఎంత ఏడ్చానో... చివరికి ఒకరోజు అన్న దిగొచ్చాడు.

"సరే చెల్లె, ఇయ్యాల నువ్వు చెప్పు. గని పొద్దుగూకెదాక నీ రాక్షసి నిలవాలె. అంతకుముందే సచ్చిందంటె, ఎండకాలం అయ్యెదాక గవ్వలు ఏరుడే."

సరేనన్నాను. కోట గుమ్మం ముందు నా రాక్షసిని నిలబెట్టాను... పిల్లలకోడిని.

బావ బండల మీద పడి దొర్లాడు. "కోడా? కోసి కూర వండుకుందాం పా!"

నవ్వనీ అనుకున్నాను. ఆ కోడి తాటిచెట్టంత ఉందన్నాను. మెడ మీద ఈకలు లేస్తే ఒక్కో ఈక చాటంత... వెనకాల దూడలంత పిల్లలు. ఏ పిల్ల కీచుమన్నా సరే, తల్లి మరుక్షణం అక్కడ వాలుతుందన్నాను.

బావ గవ్వలు వేశాడు. మంచి దెబ్బే పడింది, కానీ సులువు కదా అని పిల్లను కొట్టాడు. పిల్ల కీచుమంది... తల్లి వచ్చి బావను కోట అవతలికి ఎగరేసింది. మేరీ వెనక నుంచి పోదామని చూసి చూసుకోకుండా ఇంకో పిల్ల తోక తొక్కింది. ఇక అన్న డాలు పట్టుకుని వచ్చాడు. ఆ వారమే మా ఇంటి పిల్లలకోడి ఆయన పిక్క మీద పొడిచింది, ఇంకా కుంటుతూనే ఉన్నాడు. "కోడి రెక్కలు విప్పింది" అని నేను అనగానే, పాపం, కూర్చున్నచోటే కాళ్లు ముడుచుకున్నాడు!

మళ్లీ లేచి మళ్లీ వచ్చారు, మళ్లీ పడ్డారు. ఎవరూ నవ్వడం లేదు. కిటికీలోంచి వచ్చే ఎండ గోడెక్కి, ఎర్రబడి, మాయమైంది. నా కోడి ఇంకా గుమ్మం ముందే ఉంది.

అప్పుడే పెరట్లోంచి మా అవ్వ కేకేసింది. "పొద్దుగూకింది... కోళ్లను కమ్మపోండ్రి పిల్లలూ!"

రోజూ సాయంత్రం కోళ్లను గంప కింద కమ్మడం అన్న పని. ఆయన కుంటుకుంటూ వెళ్లి గంప ఎత్తాడు... ఎత్తినవాడు అలాగే ఆగిపోయి, గంపతో సహా నడింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"చెల్లె! కోడిని కొట్టనే కొట్ట నేను. గింత నూకలు సల్లి గంప లేవట్టి పెడ్త. పిల్లలు లోపటికి వోతయి. పిల్లలు వోతె తల్లి దానంతటదే వోతది!"

నేను తలూపాను. నేను అనుకున్న దారి అదే.

"గంతేనా!" అన్నాడు బావ.

అన్న గవ్వలన్నీ ఏరి, నా గౌను ఒళ్లో పోశాడు. "రేపటి సంది కథ నువ్వే చెప్పాలె" అన్నాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి!

ఇప్పుడు హైదరాబాద్‌లో ఆదివారాలు స్నేహితులతో అలాంటి ఆటే ఆడుతున్నాం. ఇరవై ముఖాల పాచికలు, దేశదేశాల రాక్షసులున్న లావుపాటి పుస్తకాలు... కథ చెప్పేది మాత్రం నేనే. మొన్న పుస్తకం మూసేసి, పిల్లలకోడిని దించాను. మొదట అదే నవ్వు, తర్వాత అదే గతి! కథలో పొద్దుగూకుతోందని పదే పదే గుర్తుచేశాను. వాకిట్లో గంప ఉందని కూడా చెప్పాను. అందరూ కత్తులే దూశారు. ఎవరి ఇంట్లోనూ కోళ్లను కమ్మినవాళ్లు లేరు మరి.

ఇంటికి రాగానే అన్నకు ఫోన్ చేసి పిల్లలకోడిని దించిన సంగతి చెప్పాను.

"ఎవలన్న గంప అన్నరా?" అదే ఆయన మొదటి ప్రశ్న.

"అనలేదన్నా. అందరు ఓడిన్రు."

పకపకా నవ్వాడు. "మన కోడి ఇంక గట్టిగనే ఉన్నది చెల్లె!" తర్వాత అన్నాడు... "గని మనింట్ల సుత గంప లేదిప్పుడు. కోళ్లే లేవాయె."

మీ వాకిట్లో మిమ్మల్ని పరుగెత్తించిన జంతువు ఏది? చెప్పండి, నా ఆటలో నిలబెట్టుకుంటాను... దాన్ని మీ ఇంట్లో ఎలా లొంగదీసేవారో కూడా రాయండి. ఆ దారి గుర్తున్నవాళ్లు లేకపోతే, పిల్లలకోడిని కూడా ఎవరూ గెలవలేరు.