బావ పంపని ఇనుప దిమ్మలు

మంగళవారం ఉదయం మా అక్క ఫోన్ చేసి, బావ పోయాడని చెప్పింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆటోనగర్‌లో తన ఇనుప సామాన్ల షెడ్డు మూసిన రోజే అది సగం ఆగిందని నేనంటాను. కాదనేవాళ్లు కాదనుకోండి.

ఆదివారం చర్చి అయ్యాక గోపాలపట్నంలో మా ఇంటికి భోజనానికొస్తే, బావ ముందు గేటును పట్టుకుని ఊపి చూసేవాడు. ఆ తర్వాతే లోపలికి. నేను నవ్వితే, "అందంగా ఉందని వొదిలీకు బావా, ఓపాలి లాగి సూడాల" అనేవాడు. బడిపంతులైన నాకే పాఠం చెప్పేవాడన్నమాట.

సముద్రం అవతల ఒక దేశంలో మన ప్రభుత్వం అప్పిచ్చి పెద్ద రేవు కట్టిస్తోంది. ఓడల తాళ్లు కట్టే ఇనుప దిమ్మలకి బావ టెండరు వేశాడు. నమూనా నెగ్గింది. ఢిల్లీ నుంచి ఒక అధికారి ఫోన్ చేసి, పని మీకే, మొదలెట్టుకోండి అన్నాడు. ఆటోనగర్ పద్ధతే అది. ఫోన్ రాగానే ఇనుప ప్లేటు కోసి పని మొదలెడతారు, ఆర్డరు కాగితం తర్వాత నింపాదిగా వస్తుంది. ఇక్కడి ఇంజనీర్ల దగ్గర ఇన్నేళ్లూ చెల్లిన నమ్మకాన్ని బావ సర్కారు మీదా పెట్టుకున్నాడు. దిమ్మలు తయారయ్యేసరికి, రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని టెండర్లు రద్దు చేసి, పనంతా ఒకే కంపెనీకి అప్పగించాయి. ఎందుకని అడిగితే పైవాళ్ల నిర్ణయం అన్నారు. ఆ పైవాళ్లెవరో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ కంపెనీ మనిషి షెడ్డుకొచ్చి దిమ్మలు తామే కొంటామన్నాడు. వాటిమీద తమ పేరు వేయాలన్నాడు. లాగుడు పరీక్షకి టైం లేదు, సర్టిఫికెట్ తాము చూసుకుంటామన్నాడు. పేరుకి బావ ఒప్పుకున్నాడు. పరీక్ష దగ్గర మొండికేశాడు.

"ఓడ లాగినప్పుడు దిమ్మ ఊడొత్తే, అక్కడ తాడట్టుకున్నోడు సత్తాడు. ఆడికి మీ పైవోళ్లెవరో తెల్దు, నానెవడో తెల్దు. నానివ్వను."

షెడ్డులో బరువులెత్తించే పెద్ద ఖలాసీ మొదటినుంచీ బావతో ఉన్నవాడు. అతనే అడిగాడు.

"మరి మా పిల్లలేటి తింతారు బాబూ?"

అయినా బావ దిమ్మలివ్వలేదు. చేతిలో మరో పని లేక షెడ్డు మూతపడింది. మనుషులు చెల్లాచెదురయ్యారు. రోడ్డుమీద ఎదురైతే మొహం తిప్పుకునేవారు. వాళ్ల కోపం న్యాయమేనని బావ అనేవాడు. నాకు మాత్రం వాళ్లమీదా కోపమే, ఆయనమీదా కోపమే. పనివాళ్లు ఒక్కరైనా మట్టివేయడానికి రారేమోనని అక్క దిగులుపడింది.

వన్ టౌన్ సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయింది. నేనూ మా చుట్టాలూ తాళ్లు పట్టి దింపుతుంటే పెట్టె తలవైపు ఒరిగింది. అక్క కెవ్వుమంది. ఎప్పుడొచ్చారో, వెనకనుంచి షెడ్డు మనుషులు ముందుకొచ్చి మా చేతుల్లోంచి తాళ్లు అందుకున్నారు. పెద్ద ఖలాసీ గొయ్యి అంచున నిలబడి, క్రేనుకి సైగ చేసినట్టు, అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా ఆడించాడు. వాళ్లు ఆ చెయ్యినే చూస్తూ తాళ్లు వదిలారు. పెట్టె తొణక్కుండా దిగి నేలకి ఆనింది. చాలు, ఆపండన్నట్టు అతను పిడికిలి బిగించాడు. అందరూ మట్టి వేసి వెళ్లిపోతున్నా ఆ పిడికిలి విప్పలేదు.