రాజేశం సారు పుస్తకం మొదటి పేజీ

జగిత్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడు, వానలు మొదలైన వారంలో, కోరుట్లలో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సుకు రాజేశం సారు ఆత్మకథ వచ్చింది. ప్రూఫులు చూసే పని నాకు అప్పగించారు. నేను బడికి పోలేదు. మా నాయిన ఇంట్లనే కూసోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలే ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టాయి. అందుకు ఆయనకూ, దేవునికీ రోజూ దండం పెట్టుకుంటాను.

రాజేశం సారు సిరిసిల్లలో సైన్సు పంతులుగా చేసి రిటైరయ్యారు. వేరే గ్రహాల మీద కాపురాలు, ఆలోచించే మరమగ్గాలు, ఇట్లాంటి వాటి మీద వందకు పైగా నవలలు రాశారు. దేవుడు లేడని ఏ సభలోనైనా మొహమాటం లేకుండా చెప్పేవారు. ఆ ఏడు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. భార్యను గుడి దాకా దింపి, ఆమె వచ్చేదాకా బయట స్కూటర్ మీద కూర్చునేవారు. అది చూసి, సారు మెత్తబడ్డడని ఊళ్లో మాట పుట్టింది. అందుకే ఆత్మకథను ఇట్లా మొదలుపెట్టారు: "జబ్బుపడ్డ మనిషి నోట్లో పక్కవాళ్లు తమ మాటలు పెడతారు. ఓపిక ఉండగానే నా మాట నేను రాసిపెడుతున్నాను."

ప్రూఫు అంటే ఆపరేటర్ టైపు చేసిన పేజీలను కాగితం మీద తీసి ఇచ్చేది. తప్పులను ఎర్ర పెన్నుతో దిద్ది, అంచున గుర్తు పెడతాం. ఆపరేటర్ వాటిని కంప్యూటర్‌లో సరిచేస్తుంది. ఏ పుస్తకమైనా సరే, మొదటి ప్రూఫు పైన 'శ్రీరామ' అని రాసుకుని పని మొదలుపెట్టడం నా అలవాటు. పాత ఆపరేటర్‌కు అది తెలుసు, వదిలేసేది. కొత్తగా చేరిన లతకు తెలియదు. ఎర్ర సిరాతో ఉన్నదంతా ఎక్కించాలనుకుని దాన్నీ ఎక్కించింది. రెండో ప్రూఫులో నేను గుర్తులున్న చోట్లు మాత్రమే సరిచూసి, పేజీ పైభాగం చూడలేదు. తప్పు లతది కాదు, నాది. పుస్తకాలు అచ్చయి, కుట్టు కూడా పడ్డాక గానీ కనబడలేదు. దేవుడు లేడన్న మనిషి ఆత్మకథకు నెత్తిమీద శ్రీరామ.

ఓనర్ గంగన్నకు చూపించాను. "ఊకో అక్కా, దేవుని పేరే గదా. బూతుమాట పడలే గదా. ఎవలన్న అడిగితే ప్రెస్సోళ్ల ఆనవాయితీ అని చెప్దం" అన్నాడు.

నిజం చెప్పాలి. ఆ పూటంతా నేనూ ఊరుకున్నాను. సారు బాగుండాలని అప్పటికే మొక్కుకుని ఉన్నాను. ఆ పేరు తనంతట తానే వచ్చి పుస్తకంలో చేరిందేమో, ఆయనకు మేలే జరుగుతుందేమో అనిపించింది. మళ్లీ ఆ పేజీ తెరిచాను. శ్రీరామ కిందనే ఆయన మొదటి వాక్యం ఉంది. ఆయన వద్దన్న పనే నేను చేశానని అర్థమైంది.

తెల్లారి పుస్తకం తీసుకుని సిరిసిల్ల పోయాను. సారు మంచం మీద కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

"ఏందమ్మా, గీయన నాకంటె ముందే వచ్చి కూసున్నడు?" అన్నారు.

జరిగింది చెప్పాను. నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగాను. నా మొక్కు సంగతి కూడా దాచలేదు.

"నాకోసం మొక్కుకో బిడ్డా, నేనేమన్న అన్ననా? నా బదులు మాత్రం మొక్కకు" అన్నారు. పుస్తకం మూసి, "ఇది గట్లనే పోతే, రేపు నేను లేనప్పుడు గిదే సాక్ష్యమంటరు" అన్నారు.

కోరుట్లకు తిరిగివచ్చి గంగన్నకు అదే చెప్పాను. గొణిగాడు గానీ కాదనలేదు, అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని. పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. మొదటి ఫారానికి కొత్త ప్లేటు చేయించి మళ్లీ అచ్చు వేశాం. లతా నేనూ కూర్చుని ప్రతి పుస్తకం కుట్టు విప్పి, పాత ఫారం తీసి, కొత్తది పెట్టి మళ్లీ కుట్టాం. రెండు రోజులు పట్టింది.

ఆ చలికాలంలోనే సారు పోయారు. సిరిసిల్లలో సంతాప సభకు నేనూ పోయి వెనుక కూర్చున్నాను. వేదిక మీద ఒకాయన, సారు చివరి రోజుల్లో దేవుని తలచుకున్నారని చెప్పసాగాడు. ముందు వరుసలో ఉన్న సారు భార్య లేచి, పుస్తకం తెరిచి, మొదటి రెండు వాక్యాలు చదివి కూర్చున్నది. ఆమె రోజూ గుడికి పోయే మనిషి. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ప్రూఫు చదివే మనిషికి ఆ పేజీ మీద తనదంటూ ఏ హక్కూ ఉండదని, భక్తికి కూడా అందులో మినహాయింపు లేదని ఆ పుస్తకంతో నేర్చుకున్నాను.