పలికే బండలన్నీ మద్రాసుకే

నిన్న మద్రాసు హార్బరు దగ్గర, దొరల కాలపు గోదాములో పెట్టిన ఒక హోటల్లో కాఫీ తాగాను. గోడల పొడవునా నల్లటి కడప బండల అరలు. ఒకప్పుడు ఓడల సరుకు మోసినవట. చూడగానే మనసు ఎర్రగుంట్లలోని మా ఇంటికి పోయింది.

మన ఈడువాళ్లకు గుర్తుందా, ఎండాకాలం తడిగుడ్డతో తుడిచిన బండ మీద బోర్లా పడుకుంటే చెంపకు తగిలే ఆ చల్లదనం, ఆ తడి రాతి వాసన?

మా జేజినాయన, అంటే తాత, బండలు కొట్టేవాడు. ప్రతి బండనూ సుత్తితో తట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే అది మద్రాసుకు పోయేది. లోపల చీలిక ఉండి పలకనిది మా ఇంటికొచ్చేది. వంటింటి నుంచి వసారా దాకా మాకన్నీ మూగబండలే.

"మంచిది ఒక్కటన్నా మనం పెట్టుకోకూడదా?" అని ఒకసారి అలిగాను.

"మా తాతల కాలం నుంచీ అంతేమ్మా. ఓడల కాడ గోదాముల్లో అరలకు పెడతారంట. యెంత బరువు పెట్టినా విరగకూడదు గదా."

"నువ్వు చూసినావా, సముద్రం?"

"నేను యాడ చూస్తా? మన బండలు చూస్తాండాయి, చాల్లే."

ఉత్త గొప్పలనుకున్నాను అప్పుడు.

నిన్న లేచి, కాఫీ చెంచాతో ఒక అరను తట్టాను. ఖంగుమంది. పక్కదీ అంతే. ఆ గోడ చివరిదాకా తట్టుకుంటూ పోయాను. ఒక్కటీ మూగది లేదు.

"ఏం కావాలి మేడం?" అని సర్వరు పరుగున వచ్చాడు.

మూగబండల మీద పెరిగిన నాకు నోట మాట రాలేదు.