శవంగారి పిక్క

పగలంతా చెప్పుల దుకాణంలో నిలబడి జనం కాళ్లకు చెప్పులు తొడిగే మనిషి, సాయంత్రమైతే నాటకాల్లో చచ్చిపోయేవాడు. నవ్వకండి, అదీ ఒక విద్యే. పక్కనే కొడుకులు ఆస్తి కోసం జుట్లు పట్టుకుంటున్నా, భార్య గుండెలు బాదుకుంటున్నా రెప్ప కదపకుండా బల్ల మీద పడి ఉండాలి. పొట్ట కదలకుండా ఊపిరి తీసుకోవాలి. మీరోసారి పడుకుని చూడండి, తెలుస్తుంది! బృందంలో అందరూ ఆయన్ని ‘శవంగారు’ అనేవాళ్లు. ఆయనా పలికేవాడు, కాస్త గర్వంగానే.

ఆయనకు ఎవరికీ చెప్పని నియమం ఒకటుండేది. నాటకం ఉన్న రోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్లు ముట్టడు. శవం మధ్యలో లేచి, “ఇప్పుడే వస్తానుండండి” అని బయటికి వెళ్లలేదు కదా!

ఈమధ్య పిక్కలు పట్టేస్తున్నాయి. చెప్పుల పెట్టెలు అందుకోబోతే ఒకసారి, మంచం మీద కాలు చాపితే ఇంకోసారి. నోరు విప్పితే వేషం పోతుందని భయపడి పంటి బిగువున దాచుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన కూతురికి మొదటిసారి పెద్ద వేషం దొరికింది. చనిపోయిన తండ్రి మీద పడి ఏడ్చే కూతురి వేషం. ఆ తండ్రి ఇంకెవరు, మన శవంగారే. గిన్నెలు తోముతున్నా ఆ పిల్ల నోట్లో ఆ మాటలే.

మొదటి ప్రదర్శన రోజు రానే వచ్చింది. పిల్ల పరుగున వచ్చి బల్ల దగ్గర కూలబడింది. “ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోతావా, నాన్నా?” అంది. హాల్లో ముక్కులు చీదుతున్న చప్పుడు మొదలైంది. అప్పుడే శవంగారి కుడి పిక్క రాయిలా గట్టిపడింది. పళ్లు బిగించాడు. ఊహూఁ, ఆగితేనా! “అమ్మోయ్!” అంటూ శవం లేచి కూర్చుని కాలు పట్టుకుంది.

“చెప్పాడమ్మా, చెప్పాడు!” అని వెనక వరసలోంచి ఎవడో అరిచాడు. ఇక హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. గబగబా తెర దించేశారు.

దర్శకుడు నిప్పులు తొక్కుతూ వచ్చాడు. “ఏమొచ్చిందయ్యా నీకు? ఇన్నేళ్లలో చిటికెనవేలు కదపని మనిషివి!”

పిక్క పట్టేసిందంటే సరిపోయేది. కానీ వేషం పోదూ?

“అమ్మాయి నా కాలు తొక్కిందండీ,” అన్నాడు.

కన్నకూతురి మీద అంత మాట ఎలా వేశాడో ఏమో! పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తలొంచుకుని దుప్పటి మడతపెట్టసాగాడు.

“తొక్కావా?” అన్నాడు దర్శకుడు.

“చూసుకోలేదండీ. పొరపాటైపోయింది.”

“కాలెక్కడ పెడుతున్నావో తెలియకపోతే వేషాలెందుకమ్మా? ఇంకొక్కసారి చూస్తాను. మళ్లీ ఇలా చేశావో, నీ వేషం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను.”

దారంతా పిల్ల ఆయన కుంటి నడకకు అడుగు కలుపుతూ వచ్చింది. తిట్టినా బాగుండేది. ఇంటి గుమ్మంలో, “రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం,” అంది.

డాక్టరు పిక్క నొక్కి చూసి, నీళ్లు ఎలా తాగుతారని అడిగాడు. కూతురి ముందే ఆ నియమం కక్కేశాక, ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు.

“ఒంట్లో నీళ్లు తగ్గినా, రోజంతా నిలబడినా, పాదాలు కిందికి చాపి కదలకుండా పడుకున్నా పిక్కలు పట్టేయొచ్చు. మీరు ఏదీ వదల్లేదుగా!” అన్నాడు డాక్టరు. “పట్టేసినప్పుడు మోకాలు వంచకుండా పాదాన్ని ముఖం వైపుకి వంచాలి. సడలాక మర్దన చేసి, వేడి కాపడం పెట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే రక్తపరీక్ష చేద్దాం.”

తర్వాతి ప్రదర్శనకు శవంగారు నీళ్లు తాగే పడుకున్నాడు. అయినా ఆ పాడు పిక్క ఊరుకుందా? పిల్ల ఏడుపు అందుకోగానే దుప్పటి కింద మెలితిరగడం మొదలుపెట్టింది. పిల్ల చెయ్యి ఆ పిక్క మీదే ఉంది. చటుక్కున ఆయన పాదాన్ని గుండెలకు హత్తుకుని, తన బరువంతా వేసి ఆయన ముఖం వైపుకి వాలింది. “నన్నొదిలి వెళ్లకు, నాన్నా!” మాట ఎక్కడా తడబడలేదు. పిక్క మెల్లగా సడలింది. హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. బల్ల మీద పడి ఉన్న ఆయనకు మాత్రం, నిజంగానే చచ్చిపోయినా బాగుండుననిపించింది.

తెర పడ్డాక దర్శకుడు పిల్లను పిలిచాడు. “చూశావా, కాలు తొక్కకుండా ఉంటే ఎంత బాగా వచ్చిందో!”

ఇక ఆయన వల్ల కాలేదు. “అది తొక్కలేదండీ!” అన్నాడు అందరి ముందూ. “నాకే పిక్క పట్టేసింది. వేషం పోతుందని దాని మీదికి నెట్టేశాను. ఇవాళా పట్టేసింది. అదే కాపాడింది.”

దర్శకుడు దగ్గరికొచ్చాడు. ఆయన భుజం తట్టాడు.

“తండ్రంటే నువ్వయ్యా! పిల్ల తప్పు నెత్తినేసుకోవడానికి ఎంత కథ అల్లావు! ఇవాళ నువ్వు వెంట్రుకంత కూడా కదల్లేదు, నేను కళ్లారా చూశాను.”

“నిజమండీ, ఒట్టు!”

“ఊరుకోవయ్యా. ఆ పిల్లే ఒప్పుకుంది కదా!”

ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. అన్నేళ్లుగా చచ్చినా రాని చప్పట్లు, ఆయన ఒక్కడికోసమే. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నువ్వైనా చెప్పవే అన్నట్టు కూతురి వైపు చూశాడు.

ముఖం మీది రంగు తుడుచుకుంటూ పిల్ల ఆయన పక్కకొచ్చి, ఆయనకు మాత్రమే వినబడేలా అంది: “ఆ రోజే చెప్పాల్సింది, నాన్నా.”

చప్పట్లు ఇంకా ఆగలేదు. ఇక చేసేది లేక ఆయన అందరికీ దణ్ణం పెట్టాడు.